గ్లాసులో ఉన్నదానికే మార్కులు: వైన్ రుచి చూడటంపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెడ్, వైట్ వైన్లను పక్కపక్కన పెట్టుకుని రుచి చూడటం, వాటికి మార్కులు వేయడం గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం. మార్కు పడాల్సింది సీసా మీది పేరుకో, ధరకో కాదు, గ్లాసులో ఉన్నదానికి. కింది జవాబులన్నీ దానికి కావలసిన ఏర్పాట్లే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చట్టం ఒప్పుకునే వయసు 21 ఏళ్లు. ఈ మాటలు ఆ వయసు దాటినవారికి.

ప్రశ్న (హైదరాబాద్): మేం ఆరుగురు స్నేహితులం. నాలుగు వైట్, నాలుగు రెడ్ సీసాలు తెచ్చుకుని ఒకే సాయంత్రం రుచి చూద్దామనుకుంటున్నాం. ఎంతెంత పోసుకోవాలి? ఏది ముందు, ఏది వెనక?

జవాబు: గ్లాసుకు 30 మి.లీ. చాలు. ఎనిమిదీ 50 మి.లీ. చొప్పున మింగితే తలా 400 మి.లీ. అవుతుంది, అంటే సగం సీసాకు పైనే. సగం దారిలోనే ముక్కు మొద్దుబారుతుంది, ఆ తర్వాత వచ్చినవన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. పోటీల్లో న్యాయనిర్ణేతలు వైన్‌ను నోట్లో తిప్పి ఉమ్మేసేది అందుకే. మీరూ తలా ఒక స్టీలు గ్లాసు ఉమ్మడానికి పక్కన పెట్టుకోండి. మింగకపోతే రుచి తెలియదన్న భయం అక్కర్లేదు, వైన్ నోట్లో ఉండగానే దాని వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరిపోతుంది. ఆరుగురికి 30 చొప్పున పోస్తే 750 మి.లీ. సీసాలో 180 మాత్రమే అయిపోతుంది. మిగిలింది మార్కులన్నీ రాసేశాక భోజనంలోకి వాడుకోవచ్చు. బండి నడిపి ఇంటికి వెళ్లేవారు మాత్రం అప్పుడూ ముట్టకూడదు.

వైట్ ముందు, రెడ్ తర్వాత. వాటిలోనూ పలచటివి ముందు, చిక్కటివి వెనక. తీపి లేనివి ముందు, తీపివి అన్నిటికన్నా చివర. ఓక్ చెక్క పీపాల్లో పెట్టనివి ముందు, పెట్టినవి తర్వాత. ఈ క్రమం మర్యాద కోసం పెట్టింది కాదు. తీపి వైన్ తాగిన నోటికి ఆ వెంటనే వచ్చే వైన్ ఉన్నదానికన్నా పుల్లగా తోస్తుంది. రెడ్ వైన్‌లోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నోరు వగరెక్కి ఆరిపోయేది దానివల్లే. లాలాజలం మళ్లీ ఊరడానికి కొంత వ్యవధి కావాలి. అందుకే వరసలో ఆఖరున వచ్చే రెడ్‌కు దాని తప్పేమీ లేకుండానే మార్కులు తగ్గుతుంటాయి. రెడ్లకు మధ్య రెండు నిమిషాలు ఆగండి, నీళ్లు తాగండి, ఉప్పూ వెన్నా లేని బ్రెడ్ ముక్క నమలండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, ముగ్గురు రెడ్లను ఒక క్రమంలో, మిగతా ముగ్గురు దానికి తలకిందులుగా రుచి చూడటం.

సీసాకు కాగితం చుట్టినంత మాత్రాన పేరు దాగదు. కాబెర్నే అనే రెడ్ రకం సీసాకు భుజాలు ఉంటాయి, షార్డనే అనే వైట్ రకం సీసా ఏటవాలుగా దిగుతుంది. చూసేవాడి కన్ను ఇట్టే పట్టేస్తుంది. రుచి చూడని మనిషి ఒకరు వేరే గదిలో పోసి, గ్లాసులకు అంకెలు మాత్రమే వేసి తేవాలి. ఆయనే ఎవరికీ చెప్పకుండా ఒక వైన్‌ను రెండుసార్లు, వేర్వేరు అంకెలతో పెట్టాలి. ఆ జంటకు ఒక్కొక్కరు ఎంతెంత వేశారో చివర్లో చూస్తే ఎవరి మార్కుల్ని ఎంత నమ్మాలో తేలిపోతుంది. మొదటి గ్లాసుకు ఎవరూ సరిగ్గా మార్కు వేయలేరు కాబట్టి లెక్కలోకి రాని వైట్ ఒకటి ముందుగా పోయించుకుని నోరు సర్దుకోండి.

ఇక గది సంగతి. ఆ పూట అగరబత్తి వెలిగించవద్దు. మల్లెపూలు, సెంటు, వంటింట్లోంచి వచ్చే పోపు వాసన, ఈ మూడింట్లో ఏది ఉన్నా సున్నితమైన వైట్ వైన్ వాసన తెలియకుండా పోతుంది. గంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి, కిళ్లీ, టూత్‌పేస్ట్ వద్దు. మిర్చి బజ్జీ, ఆవకాయ, కారం జీడిపప్పు బల్ల మీదికే రాకూడదు. కారం అంటిన నోటికి వైన్‌లోని ఆల్కహాల్ మంటగా తగులుతుంది, దాంతో మంచి వైన్ కూడా ఘాటైనదిగా మిగిలిపోతుంది.

గ్లాసులన్నీ ఒకే రకం కావాలి. 1977లో అంతర్జాతీయ ప్రమాణంగా నిర్ణయించిన రుచి గ్లాసులో నిండా పోస్తే 215 మి.లీ. పడుతుంది, కింద ఉబ్బుగా, అంచు దగ్గర సన్నగా ఉంటుంది. అదే దొరకాలని లేదు, ఆ ఆకారంలో ఉన్న పలచటి గాజు గ్లాసు ఏదైనా సరే. బీరువాలో బోర్లించిన గ్లాసులో చెక్క వాసన నిలుస్తుంది, సబ్బు వాసన అంచుకు పట్టుకుంటుంది. ముందురోజే వేడినీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టండి, వాడబోయే ముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడండి.

ప్రశ్న (విజయవాడ): రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలోనే తాగాలంటారు. మా ఊళ్లో మే నెలలో అది సాధ్యమేనా?

జవాబు: ఆ మాట చలిదేశాల పాతకాలపు ఇళ్లను చూసి పుట్టింది. అక్కడ గది అంటే 16, 18 డిగ్రీలు. మన దగ్గర వేసవిలో గది 33 ఉంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ముందుగా ఎగసి ముక్కును గుచ్చుతుంది, పండు వాసన వెనక్కిపోతుంది, వైన్ నోట్లో నీరసంగా ఉంటుంది. మన దగ్గర రెడ్‌కు అన్యాయంగా మార్కులు తెగ్గోసే కారణాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

చిక్కటి రెడ్ 16 నుంచి 18 డిగ్రీలు, పలచటి రెడ్ 13 నుంచి 15, ఓక్ పట్టిన వైట్ 10 నుంచి 13, మిగతా వైట్లు 8 నుంచి 10 మధ్య ఉండాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన రెడ్‌ను పోయడానికి అరగంట ముందు బయటికి తీస్తే చాలు. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐసు, నీళ్లు సగం సగం పోసి అందులో మెడ వరకు ముంచండి. 30 డిగ్రీల సీసా పావుగంటలో రెడ్‌కు తగ్గట్టు చల్లబడుతుంది, వైట్‌కైతే ఇంచుమించు అరగంట పడుతుంది. ఉత్త ఐసు ముక్కల్లో పెడితే ముక్కల మధ్య గాలి ఉండిపోయి ఆలస్యమవుతుంది. వంటలకు వాడే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఊహించే పని తప్పుతుంది. గ్లాసులో పోశాక 30 మి.లీ. వైన్ చాలా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి కావలసినదానికన్నా రెండు డిగ్రీలు తక్కువలో పోయండి.

మరీ చల్లబరచడమూ తప్పే. 4 డిగ్రీల వైట్‌లో వాసన ముడుచుకుపోతుంది, లోపాలూ దాక్కుంటాయి. 6 డిగ్రీల రెడ్‌లో వగరు, చేదు మాత్రమే పైకి తేలతాయి. ఒక సీసాకు ఈ వేడి, ఇంకోదానికి ఆ వేడి ఉంటే మీరు పోలుస్తున్నది వైన్లను కాదు, ఉష్ణోగ్రతల్ని.

ప్రశ్న (విశాఖపట్నం): మార్కుల పట్టిక ఎలా వేసుకోవాలి? ఊరికే పదికి ఇంత అని వేస్తుంటే రెండు వైన్లకు తేడా ఎందుకు వచ్చిందో మర్నాడు గుర్తుండటం లేదు.

జవాబు: మీ ఇబ్బంది పదికి వేయడం వల్ల వచ్చింది కాదు. మాటలు రాయకుండా అంకె మాత్రమే వేయడం వల్ల వచ్చింది. ముందు మాటలు, తర్వాత అంకె, దీన్ని నియమంగా పెట్టుకోండి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో మేనార్డ్ అమెరైన్, ఆయన సహచరులు 1959లో 20 మార్కుల పట్టిక ఒకటి తయారుచేశారు. వైన్ తయారీలో జరిగిన తప్పుల్ని పట్టుకోవడం దాని అసలు పని. ఆ లెక్కలో 17, ఆపైన వస్తే అత్యుత్తమం, 13 నుంచి 16 దాకా లోపం లేని వైన్, 9 నుంచి 12 అంటే లోపం పైకి కనిపిస్తున్న వైన్. ఆ 20నే ఇంట్లో వాడుకోవడానికి వీలుగా ఇలా పంచుకోవచ్చు: చూపుకు 2, వాసనకు 6, నోటికి 7, ముగింపుకు 3, మొత్తం మీద 2.

చూపు. తెల్ల కాగితం మీద గ్లాసును వాల్చి చూడండి. తేటదనానికి 1, వయసుకు తగిన రంగుకు 1. లేత వైట్ పచ్చి నిమ్మ ఛాయలో ఉంటుంది, వయసుతోగానీ పీపాతోగానీ బంగారు రంగుకు తిరుగుతుంది. రెండేళ్లయినా నిండని వైట్ గోధుమరంగుకు వచ్చిందంటే గాలి సోకిందన్నమాట. రెడ్‌కు అంచు చూడాలి, లేతదైతే ఊదా, పాతదైతే ఇటుక రంగు. గ్లాసు గోడ మీంచి జారే ధారల్ని చూసి చాలామంది మురిసిపోతారు. అవి చెప్పేది ప్రధానంగా ఆల్కహాల్ ఎంత ఉందో అంతే. వాటికి మార్కు లేదు.

వాసన. గ్లాసు తిప్పకుండా ఒకసారి, గట్టిగా తిప్పి మరోసారి. శుభ్రంగా ఉంటే 2, ఎంత బలంగా అందుతోంది అన్నదానికి 2, ఎన్ని వేర్వేరు వాసనలు విడివిడిగా తెలుస్తున్నాయి అన్నదానికి 2. కనీసం మూడు మాటలు రాయనిదే అంకె వేయకూడదు. ‘బాగుంది’, ‘సువాసన’ మాటల కిందికి రావు. జామ, నిమ్మ తొక్క, కోసిన గడ్డి, మిరియాలు, నేరేడు, పొగాకు, వెనీలా, ఇలా వస్తువు పేరే రాయాలి. ముక్కుకు ఒక వాసన త్వరలోనే అలవాటైపోతుంది. ఏమీ తెలియడం లేదనిపిస్తే గ్లాసు దించి, మీ మోచేతి మడతను వాసన చూసి మళ్లీ రండి.

నోరు. రెండు మూడు చెంచాలంత తీసుకుని, పెదవుల సందులోంచి కొద్దిగా గాలి పీల్చి, పది సెకన్లు తిప్పి ఉమ్మేయండి. తీపి వెంటనే తెలుస్తుంది. పులుపు ఎంతుందో ఉమ్మేశాక ఊరే నీళ్లు చెబుతాయి. వగరును చిగుళ్ల మీద, బుగ్గల లోపల చూడాలి, ఆల్కహాల్‌ను గొంతు వేడిలో చూడాలి. ఈ నాలుగింటి పొత్తుకు 4, పండు రుచికి 3. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, వైట్‌ను రెడ్ కొలతతో కొలవడం. ఫ్రాన్స్‌లోని లువార్ లోయ వైట్ వైన్ సోవిన్యాన్ బ్లాంక్ పుల్లగా ఉండటం దాని తీరు. ఆ పులుపుకు సరితూగే పండు లేకపోతేనే లోపం. రెడ్‌లో వగరు ఉంటుంది, ఉండాలి. అది ఇసుకలా గరగరలాడుతూ పండును మింగేస్తేనే మార్కు తీయాలి. ఏ జాతిని ఆ జాతిలోనే తూచండి. రెడ్, వైట్ పట్టికల్ని కలిపి ఒకే వరసలో ర్యాంకులు ఇవ్వకండి.

ముగింపు. ఉమ్మిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టండి. ఐదు లోపల మాయమైతే 1, పది దాకా నిలిస్తే 2, ఆపైన 3. నిలిచింది పండు రుచి అయితేనే సుమా. చేదు, మంట ఎంతసేపు నిలిచినా లెక్కలోకి రావు.

చివరి 2 మీ సొంత ఇష్టానికి. ఇష్టానికి చోటు అంతే ఉండటం మంచిది. నచ్చిన వైన్‌కు అన్ని గడుల్లోనూ కొంచెం కొంచెం కలపడం మనుషులకు సహజం, ఈ గడి దాన్ని ఒక్కచోట కట్టేస్తుంది.

ఒక ఉదాహరణ: షెనాన్ బ్లాంక్ అనే రకం లేత వైట్‌కు 2, 4, 5, 1, 1 వస్తే 13. షిరాజ్ అనే రకం రెడ్ ఒకదానికి 2, 5, 4, 3, 1 వస్తే 15. రెండోదానికి నోటి దగ్గర మార్కులు తగ్గాయి, పక్కనున్న మాటల్లో ‘గొంతులో వేడి, గరుకు వగరు’ అని ఉంటుంది. ఏడాది తర్వాత చదివినా ఆ 15 ఎలా వచ్చిందో తెలుస్తుంది.

ప్రశ్న (వరంగల్): ఐదుగురం ఒకే వైన్‌కు వేసిన మార్కుల్లో 7 దగ్గర్నుంచి 15 దాకా తేడా వచ్చింది. ఎవరిది సరైనదని తీసుకోవాలి?

జవాబు: సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు. 15, 15, 14, 14, 7 వేశారనుకోండి, సగటు 13. ఇంకో వైన్‌కు 18, 17, 13, 9, 8 వేశారనుకోండి, దానికీ సగటు 13. మొదటిది నలుగురికి నచ్చిన వైన్, ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. రెండోది మనుషుల్ని రెండు జట్లుగా చీల్చిన వైన్. వరసలో పేర్చి మధ్య అంకె తీసుకుంటే మొదటిదానికి 14, రెండోదానికి 13 వస్తాయి, నిజానికి కాస్త దగ్గరగా ఉంటాయి. మధ్య అంకెతో పాటు పైదీ కిందిదీ కూడా రాసి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు ఆ 7 వేసినవారిని మాట్లాడించండి. కొట్టిపారేయకండి. అందరికన్నా ముందు పాడైన వైన్‌ను పసిగట్టింది ఆయనేనేమో. అయితే మార్కులన్నీ కాగితం మీద పడ్డాకే ఈ చర్చ జరగాలి. గలగలా మాట్లాడే మనిషి ఒకరు ‘అబ్బ, ఎంత బాగుందో’ అన్నాక మిగతా నాలుగు మార్కులూ ఆయనవే అవుతాయి.

అనుభవం ఉన్నవారి మార్కులూ కదులుతాయి. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో వైన్ తయారీదారు రాబర్ట్ హాడ్జ్‌సన్ ఒకే సీసాలోని వైన్‌ను మూడు గ్లాసుల్లో, న్యాయనిర్ణేతలకు తెలియకుండా పెట్టించి చూశారు. 2008లో వెలువడిన ఆ పరిశీలన ప్రకారం మూడింటికీ నిలకడగా మార్కులు వేసినవారు పదిమందిలో ఒకరే. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ జరిపిన పేరుపడ్డ పోటీలో కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్ కాబెర్నే 14.14తో మొదటి స్థానంలో నిలిచింది, ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ మూటాన్ రోత్‌షీల్డ్ 14.09 తెచ్చుకుంది. కాలిఫోర్నియా వైన్లు ఫ్రెంచివాటి పక్కన నిలబడగలవని తేలడం పెద్ద సంగతి, అది నిజం. ఆ 0.05 తేడా మాత్రం ఏమీ కాదు. మీ పట్టికలో కూడా ఒక మార్కు లోపు తేడాను సమానంగానే చూడండి.

ప్రశ్న (గుంటూరు): చిన్నప్పటి నుంచి కారం తిన్న నాలుకలు మావి. మాకు ఈ సూక్ష్మమైన తేడాలు తెలుస్తాయా?

జవాబు: తప్పకుండా తెలుస్తాయి. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు పనే. ముక్కు మూసుకుని వైన్ నోట్లో పోసుకోండి, పులుపు, తీపి, చేదు, వగరు మాత్రమే ఉంటాయి. ముక్కు వదలగానే పండంతా ఒక్కసారి వచ్చేస్తుంది. ఇంగువ ఎక్కువైందని పోపు వాసనతోనే చెప్పగలిగే ముక్కుకు వైన్ కొత్త చదువేమీ కాదు. పేర్లు పెట్టడం అలవాటు కావాలి, అంతే.

సాధన ఇలా చేయండి. లీటరు నీళ్లలో 5 గ్రాముల చక్కెర ఒక సీసా, 1 గ్రాము నిమ్మ ఉప్పు ఒక సీసా, పాలు కలపని చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చింది ఒకటి, ఉత్త నీళ్లు ఒకటి. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పండి. తేలికగా వస్తుంటే చక్కెర, నిమ్మ ఉప్పు సగానికి తగ్గించండి. వాసనలకు చిన్న కప్పుల్లో దంచిన మిరియాలు, లవంగం, జామ ముక్క, నిమ్మ తొక్క, క్యాప్సికమ్, తేనె, తడిసిన అట్ట, ఒక చుక్క వెనిగర్ వేసి మూతలు పెట్టి రోజూ రెండు నిమిషాలు. డేవిస్‌లో ఆన్ నోబుల్ 1984లో గీసిన వాసనల చక్రం చూస్తే మాటలు ఎలా వెతుక్కోవాలో తెలుస్తుంది. మధ్యలో ‘పండు’, దాని బయటి వలయంలో ‘నిమ్మజాతి’, అంచున ‘గ్రేప్‌ఫ్రూట్’, ఇలా పెద్ద మాట నుంచి చిన్నమాటకు వెళ్లాలి.

తేడా నిజంగా తెలుస్తోందా అన్న అనుమానం తీరాలంటే మూడు గ్లాసుల పరీక్ష పెట్టుకోండి. రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది. తేడాగా ఉన్నది పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడుసార్లలో ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే లెక్క కాదు. ఆరుసార్లలో ఐదు, లేదా పన్నెండుసార్లలో ఎనిమిది సరిగ్గా చెబితే అది అదృష్టం కాదని నమ్మవచ్చు.

ప్రశ్న (మెల్‌బోర్న్): ఇక్కడి చల్లటి లోయల షిరాజ్‌లో మిరియాల వాసన ఉందని అందరూ అంటారు. నాకొక్కడికీ తెలియదు. నా ముక్కులో లోపమా?

జవాబు: లోపం కాదు. ఆ వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థం, మిరియాల్లోనూ ఉన్నది అదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో దాన్ని షిరాజ్‌లో గుర్తించారు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి అది ఎంత వేసినా తెలియదు. దంచిన మిరియాల ఘాటు మీకు తెలుస్తుంది గానీ, ఈ ఒక్క వాసన మాత్రం అందదు. మీ పట్టికలో ‘మిరియాలు నాకు అందవు’ అని పైన రాసుకుని మిగతాది మామూలుగా వేయండి. లేనిది ఉన్నట్టు రాయకండి. రుచి చూసే బల్ల దగ్గర నిజాయితీకి మించిన నైపుణ్యం లేదు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): వైన్ పాడైందా, లేక దాని తీరే అంతా అన్నది ఎలా తేల్చుకోవాలి? పాడైనదానికి మార్కు ఎంత?

జవాబు: పాడైన సీసాకు మార్కే లేదు. ‘లోపం’ అని రాసి అదే వైన్‌ది రెండో సీసా తెరవాలి. అందుకే పోటీలకు ఎప్పుడూ ఒకటికి మించి సీసాలు పంపమంటారు.

తడిసిన అట్ట, బూజుపట్టిన గోనె వాసన వస్తూ పండు మాయమైతే అది కార్క్ లోపం. టీసీఏ అనే పదార్థం దాని మూలం. లక్ష కోట్ల భాగాల్లో నాలుగైదు భాగాలున్నా ముక్కుకు తెలుస్తుంది. గ్లాసులో ఉంచినకొద్దీ పోదు, ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది. మోతాదు మరీ తక్కువైనప్పుడు వాసన పైకి రాదు, వైన్ మాత్రం మూగబోతుంది. రెండో సీసా పక్కన పెడితే తప్ప తెలియదు. స్క్రూ మూత సీసాల్లో ఇది అరుదు.

కుళ్లిన గుడ్డు, కాలిన అగ్గిపుల్ల వాసన దీనికి విరుద్ధం, గాలి తగలక వచ్చింది. గట్టిగా తిప్పి పావుగంట ఆగితే చాలాసార్లు పోతుంది. పోకపోతే వేరే గ్లాసులో కాస్త వైన్ పోసి, శుభ్రంగా తోమిన రాగి చెంచాతో కలిపి వాసన చూడండి. గంధకపు వాయువు రాగితో కలిసిపోయి వాసన తగ్గితే కారణం తేలినట్టే. ఆ గ్లాసును పారబోయండి, తాగకండి.

గోళ్లరంగు తుడిచే ద్రవం, వెనిగర్ వాసన ముక్కును కోస్తే బ్యాక్టీరియా పని. రెడ్‌లో ఇది లేశంగా ఉంటే చెల్లుతుంది, వైట్‌లో వెంటనే తప్పుగా తెలుస్తుంది. గుర్రపుశాల, బ్యాండేజీ వాసన బ్రెటానోమైసిస్ అనే ఈస్ట్‌ది. దీని మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. లేశంగా ఉంటే కొందరికి ఇష్టం, పండును కప్పేస్తే మాత్రం ఎవరికైనా లోపమే.

మన ప్రాంతంలో వీటన్నిటికన్నా ముందుగా అనుమానించాల్సింది ఎండదెబ్బ. వేసవి లారీల్లో, ఏసీ లేని అంగళ్లలో సీసా ఉడికిపోతుంది. కార్క్ అంచుకు మించి పైకి వచ్చిందా, మెడ మీద కారిన జిగట చార ఉందా, కొనేటప్పుడే చూడండి. లోపల వైన్ ఉడికించిన పండులా, జామ్‌లా ఉంటుంది, వైట్‌కు కోసి వదిలేసిన ఆపిల్ వాసన పడుతుంది. కిటికీ పక్కన, దీపం కింద నిలబెట్టిన సీసా ఎంత తగ్గింపు ధరకు వచ్చినా వద్దు.

లోపం కానివీ ఉన్నాయి. వైట్ సీసా అడుగున, కార్క్ మీద గాజుపొడిలా మెరిసేవి టార్టారిక్ ఆమ్లపు లవణం గడ్డకట్టిన స్ఫటికాలు, చలికి ఏర్పడతాయి, హానిలేదు. పాత రెడ్ అడుగున మడ్డి కూడా అంతే. సీసాను ఒకరోజు నిలబెట్టి నెమ్మదిగా వంచితే సరిపోతుంది.

ప్రశ్న (కరీంనగర్): లేబుళ్ల మీద ‘92 పాయింట్లు’, ‘రజతం’ అని ఉంటాయి. వీటిని నమ్మి కొనవచ్చా?

జవాబు: 100 పాయింట్ల లెక్కను జనంలోకి తెచ్చింది అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్, 1978లో మొదలైన తన పత్రికతో. అందులో ప్రతి వైన్‌కూ 50 ఊరికే వస్తాయి. రంగుకు 5, వాసనకు 15, రుచికి, ముగింపుకు కలిపి 20, మొత్తం నాణ్యతకు 10 దాకా వేస్తారు. అంటే 92 అంటే నూటికి తొంభైరెండు కాదు, యాభైకి నలభైరెండు. అచ్చయ్యేవన్నీ దాదాపు 85 పైవే కాబట్టి నిజమైన మెట్లు ఇంకా తక్కువ. ఎవరు వేశారు, ఏ సంవత్సరపు పంటకు వేశారు అన్నవి ఉంటేనే ఆ అంకెకు విలువ. నిరుటి పంటకు వచ్చిన పతకం ఈ ఏటి సీసాకు చెందదు.

ధర విషయమూ అలాగే. 6,000కు పైగా పేర్లు దాచిన పరీక్షల్ని పరిశీలించి 2008లో వెలువరించిన ఒక అధ్యయనంలో, మామూలు జనం ఖరీదైనవాటికి కాస్త తక్కువ మార్కులే వేశారని తేలింది. మీకు నచ్చే విమర్శకుణ్ణి ఒకరిని పట్టుకుని, ఆయన మాటలు చదివి, మీ మార్కుతో పోల్చి చూసుకోవడం అన్నిటికన్నా ఉపయోగం.

ప్రశ్న (నిజామాబాద్): కళ్లకు గంతలు కట్టుకుంటే రెడ్‌కు, వైట్‌కు తేడా తెలియదంటారు. నిజమేనా?

జవాబు: వేడి సమానంగా ఉంటే పొరపడటం సాధ్యమే, కానీ టానిన్ వగరు చాలాసార్లు రెడ్‌ను పట్టించేస్తుంది. అందరూ చెప్పుకునే పరీక్ష వేరు. 2001లో ప్రచురితమైన బోర్డో పరిశోధనలో వాసన లేని ఎర్రరంగు కలిపిన వైట్‌ను వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఇస్తే, దాని వాసనను రెడ్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను ముక్కును ఎంతగా నడిపిస్తుందో తెలిపే పరీక్ష అది. అందుకే వాసన గడి నింపేదాకా రంగును మరీ ఎక్కువసేపు చూడకండి. నల్లగ్లాసులు దొరికితే ఒకసారి వాటితో ప్రయత్నించండి.

ప్రశ్న (సికింద్రాబాద్): మొదటిసారి మన దేశపు వైన్లతోనే చేయాలనుకుంటున్నాం. ఏవి ఎంచుకోవాలి? మన అనాబేషాహీ ద్రాక్షతో వైన్ ఎందుకు చేయరు?

జవాబు: అనాబేషాహీ తినడానికే పండు. కాయ పెద్దది, నీరు ఎక్కువ, చక్కెర 14 నుంచి 16 శాతం దగ్గర ఆగిపోతుంది. 13 శాతం ఆల్కహాల్ రావాలంటే రసంలో 22 నుంచి 24 శాతం చక్కెర కావాలి. వైన్ ద్రాక్ష కాయ చిన్నది, తొక్క మందం, రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ. రెడ్‌కు రంగు, వగరు, వాసనలో పెద్ద వాటా ఆ తొక్కలోంచే వస్తాయి.

మన వాతావరణంలో తీగ శీతాకాలం నిద్రపోదు. నాసిక్‌లో ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, రెండో కత్తిరింపు సెప్టెంబరు, అక్టోబరుల్లో చేసి జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. వైట్లకు నాసిక్ సోవిన్యాన్ బ్లాంక్ ఒకటి, షెనాన్ బ్లాంక్ ఒకటి తీసుకోండి. నాసిక్ సంస్థ సులా 2000లో ఈ రెండింటితోనే మొదలైంది. మొదటిది గడ్డి, జామ, క్యాప్సికమ్ వైపు, రెండోది ఆపిల్, తేనె వైపు ఉండి తేడా స్పష్టంగా తెలుస్తుంది. షెనాన్‌లో కొన్నింటికి కాస్త తీపి మిగిల్చి ఉంటుంది కాబట్టి దాన్ని రెండోదిగా పెట్టండి. రెడ్లకు నాసిక్ షిరాజ్, బెంగళూరు పక్క నంది కొండల గ్రోవర్ కాబెర్నే–షిరాజ్ మిశ్రమం, షోలాపూర్ జిల్లా అక్లూజ్ ఫ్రాటెల్లి సాంజోవేసె, హంపి కొండల క్రస్మా కాబెర్నే. క్రస్మా తోట పెట్టింది హైదరాబాద్ దంపతులు కృష్ణప్రసాద్, ఉమా చిగురుపాటి. ఈ నాలుగింట్లో వగరు, వేడి, ఓక్ నాలుగు తీరులుగా ఉంటాయి, నేర్చుకోవడానికి మంచి వరస.

వైట్‌కు లేబుల్ మీద పంట సంవత్సరం తప్పక చూడండి. ఈ రెండు రకాలు తాజాగా ఉన్నప్పుడే అందం, రెండేళ్లు దాటినది మన ఎండల్లో నిలవ ఉంటే ఆశ వదులుకోవాలి. పోర్ట్ అని రాసి ఉన్న చవక తీపి వైన్లను ఈ వరసలో కలపకండి. అసలైన పోర్చుగల్ పోర్ట్ రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారా కలిపి 19, 20 శాతానికి తెచ్చేది. వాటిని వేరే రోజు, వాటిలో వాటికే.

ప్రశ్న (కర్నూలు): మార్కులు వేశాక మిగిలిన సీసాలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

జవాబు: రెడ్ అయినా సరే ఫ్రిజ్‌లోనే పెట్టాలి. చిన్న సీసాలోకి మెడ దాకా నింపి బిగిస్తే గాలి తగ్గి వైట్ మూడు రోజులు, చిక్కటి రెడ్ నాలుగు రోజుల దాకా బాగుంటాయి. సగం ఖాళీ సీసాలో అయితే మర్నాటికే వాసన చప్పబడుతుంది. మర్నాడు పేర్లు తెలిశాక మళ్లీ రుచి చూసి పక్కన ఇంకో రంగు కలంతో మార్కు వేయండి. నిన్నటి అంకెను మాత్రం దిద్దకండి.